నునుపు తేలిన రాగిరేకు

ఒక దేశానికి ఒక రాగిరేకు ఉండేది.

ఆ దేశం పెద్దదేం కాదు. మధ్యలో ఒక ఏరు, ఏటికి ఇవతల కొన్ని ఊళ్లు, అవతల కొన్ని ఊళ్లు, వెనకాల ఒక కొండ. చాలా కాలం క్రితం ఆ ఊళ్లవాళ్లు నీళ్ల కోసం, మేత కోసం, దారిలో ఎవరు పక్కకి తప్పుకోవాలనే దాని కోసం తలలు పగలగొట్టుకునేవాళ్లు. కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయాక అందరూ ఒకచోట కూర్చున్నారు. ఇకమీదట ఎలా బతకాలో మాట్లాడుకున్నారు. ఆ మాటలన్నీ ఒక పెద్ద రాగిరేకు మీద చెక్కించారు. తాటాకైతే చెదలు తింటాయి, గుడ్డయితే చిరుగుతుంది, రాగికి ఏమీ కాదని వాళ్ల ధీమా.

తమ మనవలు ఎంత శుభ్రమైన మనుషులు కాబోతున్నారో పాపం వాళ్లకేం తెలుసు?

మనవలు ఏటేటా రేకుకి పండగ చేసేవాళ్లు. ఊరూరా చింతపండు నానబెట్టేవాళ్లు. అందులో ఒక ఊరివాళ్లు ఉప్పు కలిపితే, ఇంకో ఊరివాళ్లు పిడకల బూడిద కలిపేవాళ్లు. మూడో ఊరివాళ్లు మెత్తగా నూరిన ఇటుకపొడి తెచ్చి, అదేమిటో ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. ఏ ఊరి వంతు వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు చీరకొంగులు బిగించి, పంచెలు ఎగ్గట్టి, రేకుని తోమేవాళ్లు. తోమాక ఎండలో పెట్టి తిప్పితే, దాని మెరుపు వెళ్లి కొండ మీది బండకి తగలాలి. తగిలితే ఆ ఊరివాళ్లకి ఆ ఏడు రేకు పల్లకీ మోసే గౌరవం.

పిల్లలకి రేకు ఆకారంలో అప్పాలు వండేవాళ్లు. ఆడవాళ్లు రేకు మీద పాటలు కట్టేవాళ్లు. దేశంలో రేకు మీద ప్రేమ లేని మనిషంటూ లేడు. ఇది నేను వెటకారానికి చెప్పడం లేదు, నిజంగానే లేడు.

మొదట్లో పండగనాడు రేకుని పైనుంచి కిందిదాకా చదివేవాళ్లు. ఒక ఏడు సరిగ్గా చదవబోయే వేళకి వాన ముంచుకొచ్చింది. "ఈసారికి రేకు గొప్పదనం గురించి నాలుగు మాటలు చెప్పి ముగిద్దాం, చదవడం వచ్చే ఏడు చూసుకుందాం" అన్నారు. వచ్చే ఏడు వాన రాలేదు. కానీ నాలుగు మాటలే అందరికీ హాయిగా అనిపించాయి. అప్పటినుంచి ఒక పంతులు రేకుని పొగిడేవాడు, జనం చప్పట్లు కొట్టేవాళ్లు, రేకుని పట్టుగుడ్డలో చుట్టి లోపల పెట్టేసేవాళ్లు.

తోమేవాళ్లకి మాత్రం ఒక సంగతి తెలుస్తూ ఉండేది. "ఏడాదికేడాది ఎంత నునుపు తేలుతోందో చూశావా! చెయ్యి జారిపోతోంది" అని ఒకరికొకరు గర్వంగా చెప్పుకునేవాళ్లు.

ఆ దేశంలో ఏటి మీద పడవ నడిపే ఆమె ఒకామె ఉంది. అందరూ పడవామె అనే పిలిచేవాళ్లు. ఊయల వయసులో ఒక వరదకి దూలం మీద కొట్టుకొస్తే, రేవులో పడవవాడూ అతని భార్యా తీసి పెంచుకున్నారు. ఏ దేశపు పిల్లో, ఎవరి పిల్లో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. ఆమె ఆ రేవులోనే పెరిగింది, ఆ తెడ్డే పట్టుకుంది. పురుటినొప్పులు పడుతున్నవాళ్లని, పెళ్లివాళ్లని, పాము కరిచినవాళ్లని ఏరు దాటించింది. ఆమె పడవ ఎక్కని మనిషి ఆ రెండు ఒడ్డుల్లోనూ లేడు.

పెంచిన తండ్రి పోయాడు. రేవుని ఆమెకి అప్పగించాల్సి వచ్చింది. అప్పుడు ఉప్పు వర్తకుడు అడ్డం తిరిగాడు. ఆయన అవతలి ఒడ్డు మనిషి. అంతకుముందు వానాకాలంలో ఏరు పోటు మీదున్నప్పుడు ఆయన తన బస్తాలన్నీ ఒక్కసారే ఎక్కించమన్నాడు. మనుషులున్న పడవలో అంత బరువు ఎక్కించనని ఆమె మొహం మీదే చెప్పేసింది.

"రేవంటే దేశానికి గుమ్మం. ఎక్కడ పుట్టిందో తెలియని మనిషి చేతిలో గుమ్మం పెడతారా?" అని వర్తకుడు దేశపెద్దని అడిగాడు. "రేవు సంగతి తరవాత. అసలు ఈమె ఇక్కడ ఎలా ఉంటోంది? వరదకి వచ్చిన మనిషి వచ్చిన దారినే పోవాలి."

దేశపెద్ద మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించలేక అన్నిటినీ వాయిదా వేసేవాడు. "రేకులో ఏముంటే అదే చేద్దాం. పండగనాడు చదివిద్దాం" అన్నాడు.

పడవామె పండగ దాకా నిద్రపోలేదు. పగలంతా తెడ్డు వేసేది, ఇంటికొచ్చి గడప మీద కూర్చునేది. ఆ గడప తప్ప లోకంలో ఆమెకి ఇంకో గడప తెలీదు.

పండగ వచ్చింది. ఆ ఏడు తోమే వంతు కొండకింది ఊరివాళ్లది. పొద్దున్నే మొదలుపెట్టి, చేతులు పుండ్లు పడేలా తోమారు. రేకుని ఎండలో పెట్టగానే కొండ మీది బండ భగ్గుమంది. జనం ఈలలు వేశారు. పంతులు గొంతు సవరించుకుని పొగడ్త మొదలుపెట్టబోతే దేశపెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ పొగడ్త వద్దు పంతులుగారూ. చదవండి."

పంతులు రేకు మీదికి వంగాడు. కళ్లు చికిలించాడు. రేకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పై పంచె అంచుతో ఒకసారి తుడిచి, మళ్లీ వంగాడు.

"ఏం, చూపు ఆనడం లేదా?" అన్నాడు దేశపెద్ద.

"చూపు బాగానే ఉంది. అక్షరాలే లేవు" అన్నాడు పంతులు.

ముందు వరసలోవాళ్లు లేచి చూశారు. తరవాత అందరూ ఎగబడ్డారు. రేకు మీద ఒక్క గీత లేదు, ఒక్క చుక్క లేదు. అద్దంలా ఉంది.

"ఇదంతా మీ ఇటుకపొడి చేసిన పని!" అని ఒక ఊరివాళ్లు అరిచారు.

"మీ ఉప్పేం తక్కువ తిందా?"

"బూడిదతో అరగదీసిందెవరు? పోయినేడు పల్లకీ మోసిందెవరు?"

కాసేపు ఎవరి చింతపండు ఎంత పాపిష్టిదో తేల్చుకునే పనిలో పడ్డారు. వాళ్లని చూస్తే నవ్వొస్తుంది గానీ, జాలి కూడా వేస్తుంది. చెడగొట్టాలని తోమినవాడు ఒక్కడూ లేడు.

ఆ గొడవలోంచి ఉప్పు వర్తకుడి గొంతు పైకి వచ్చింది. "ఇందులో తర్జనభర్జన ఏముంది? అక్షరాలు లేవు. అంటే ఈమె ఇక్కడ ఉండొచ్చనే మాట లేదు. తేలిపోయింది."

పడవామె అంతసేపూ ఒక పక్కన నిలబడి ఉంది. అప్పుడు నోరు విప్పింది.

"వెళ్లిపొమ్మనే మాట కూడా లేదు కదా బాబూ. ఆ ఉప్పుకొట్టు మీ సొంతమనే మాట కూడా లేదు. ఇవాళ ఇక్కడ ఎవరికీ ఏమీ లేదు."

ఒకాయన ఏటిగట్టున ఉన్న తన పొలం చెక్క వైపు చూసుకున్నాడు. పక్కూరి బావిలో నీళ్లు తోడుకునే ఒకామె తన బిందెని దగ్గరికి లాక్కుంది. తమ తాతలు ఏ రోజుల నుంచి పారిపోయి ఆ రేకు చెక్కించుకున్నారో ఆ రోజులు మళ్లీ గుమ్మంలోకి వచ్చాయని వాళ్లకి అర్థమైంది. అందరికీ భయం వేసింది.

చాలాసేపటికి గొర్రెలు కాసుకునే ఒక ముసలాయన కర్ర ఊతంతో లేచాడు.

"అందులో ఒకటి నాకు జ్ఞాపకం ఉంది. దాహంతో వచ్చినవాణ్ణి ఏ బావి దగ్గరా ఆపకూడదు. అట్టా ఉండేది. నా చిన్నప్పుడు మా అయ్యని ఒక ఊళ్లో ఆపారు. అప్పటి పెద్దలు రేకు తెప్పించి, ఆ ముక్క చదివి వినిపిస్తేగానీ బావిలో చేద వేయనివ్వలేదు. అది చదువుతుంటే మా అయ్య ఏడ్చాడు. అందుకని నేను మర్చిపోలా."

రాగి పనిచేసే కంచరి ఒకడు జనంలో ఉన్నాడు. అతను మారుమాట్లాడకుండా సంచిలోంచి ఉలి, సుత్తి తీశాడు. రేకుని నేల మీద పరిచి, ముసలాయన చెప్పిన మాట చెక్కడం మొదలుపెట్టాడు.

తరవాత ఒకామె లేచింది. "కొడుకుతో పాటు కూతురికీ పొలంలో వాటా ఉందని ఉండేది. మా నాన్నమ్మ దాన్ని చూపించి, అన్నదమ్ములతో దెబ్బలాడి తెచ్చుకుంది. ఆ ముక్క ఆవిడ చనిపోయేదాకా వంట చేస్తూ కూడా అనుకునేది."

"ఎదురుమాట చెప్పినవాణ్ణి కొట్టకూడదు" అన్నాడు దేశపెద్ద. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "కుర్రతనంలో నేను అప్పటి పెద్దని నిలదీశాను. కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎవరో ఈ మాట గుర్తు చేస్తే దించేశాడు. నేను అప్పట్లో ఇప్పటంత మెత్తగా ఉండేవాణ్ణి కాదులెండి."

జనం నవ్వారు. ఆ రోజు వాళ్లు నవ్వడం అదే మొదలు.

పంతులు మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి లేచాడు. "చదువుకోవడానికి వచ్చిన బిడ్డని, ఎవరి బిడ్డవని అడగకూడదు. ఆ వాక్యం లేకపోతే నన్ను బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఇన్నేళ్లూ ఈ రేకు మెరుపు గురించి గొంతు పోయేలా మాట్లాడాను. ఆ వాక్యాన్ని ఒక్కసారి కూడా పైకి అనలేదు." అని కళ్లు తుడుచుకున్నాడు.

అలా ఒక్కొక్కరే లేచారు. రేకుని ఎప్పుడూ పొగుడుతూ వచ్చిన మాటలు ఎవరికీ పనికి రాలేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరిని ఏ వాక్యం కాపాడిందో ఆ వాక్యమే వాళ్ల దగ్గర మిగిలింది. కంచరి ఉలి ఆగకుండా నడిచింది. మధ్యాహ్నం దాటేసరికి రేకులో చాలా భాగం నిండింది.

చివరికి పడవామె సంగతి మిగిలింది.

"వేరే చోట నుంచి వచ్చినవాళ్ల గురించి ఏముండేదో ఎవరికైనా జ్ఞాపకం ఉందా?" అని దేశపెద్ద అడిగాడు.

ఎవరూ లేవలేదు. ఆ వాక్యంతో అవసరం ఇంతకుముందు ఎవరికీ పడలేదు. పడి ఉంటే ఆ పడ్డవాళ్లు ఇక్కడ లేరు. దేశపెద్ద మళ్లీ అడిగాడు. వర్తకుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఉన్నట్టుండి వెనక వరసలోంచి ఒక నేతగాడు లేచాడు. పాము కరిచిన అతని కొడుకుని ఒక అర్ధరాత్రి ఏరు దాటించి బతికించింది పడవామే.

"నాకు జ్ఞాపకం ఉంది! వరదకి వచ్చినవాళ్లు కూడా మనవాళ్లే అని ఉండేది. మా తాత చెప్పాడు. ఒట్టు!"

అబద్ధం ఆడడం అలవాటు లేని మనిషి కావడంతో అతని మొహం మెడ దాకా ఎర్రబడింది. అయినా జనానికి ప్రాణం లేచొచ్చింది. "ఉండేది, ఉండేది" అని ఇంకో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. నాకూ గుర్తొస్తోందని ఒక ముసలమ్మ తలాడించింది. కంచరి ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు.

పడవామె వెళ్లి కంచరి మణికట్టు పట్టుకుంది.

"అన్నా," అంది నేతగాడి వైపు తిరిగి, "మీ తాత నిజంగా చెప్పాడా?"

నేతగాడు నేల చూపులు చూశాడు.

"నీ మంచి మనసుకి దణ్ణం పెడతాను. కానీ వద్దు. ఇవాళ నా మీద జాలితో లేనిమాటని ఉందన్నారు. రేపు ఇంకెవరి మీదో కోపంతో లేనిమాటని ఉందంటారు. అప్పుడు ఈ రేకు ఎవరిని కాస్తుంది?"

ఊరికే నిలబడితే చాలు, ఆమెకి రేవు దక్కేది, ఇల్లు దక్కేది. దేశమంతా కావాలని కళ్లు మూసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆమె అది కాదనుకుంది. అది ఎంత కష్టమో, ఎక్కడి నుంచీ ఎవరూ ఎప్పుడూ పొమ్మనని మనకి పూర్తిగా తెలీదు.

"అయితే లేదు కదా," అన్నాడు వర్తకుడు. "ఆమే ఒప్పుకుంది."

అప్పుడు దేశపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన ఏదైనా వాయిదా వేయబోతున్నాడని అందరూ అనుకున్నారు.

"ఉండేదో లేదో మనకి తెలీదు. తెలీనిదాన్ని తెలుసని రాసుకోవద్దు. కానీ ఆమె ఇక్కడ ఉండాలని మనకి ఉందా, లేదా? అది తెలుసు కదా? ఉంటే, దాన్ని ఇవాళ మన మాటగా రాద్దాం."

"తాతలు రాసినదానికి మీరు కలుపుతారా?" వర్తకుడి గొంతు లేచింది.

"తాతలు ఆకాశం నుంచి ఊడిపడ్డారా?" అన్నాడు పంతులు. "మనలాగే కూర్చున్నారు. మనలాగే అరుచుకున్నారు. ఆ తరవాతే రాశారు."

ఏం రాయాలనే దాని మీద మళ్లీ అరుపులు మొదలయ్యాయి. పడవామెని ఎవరూ పొమ్మనకూడదు అని రాస్తే సరిపోతుందన్నారు కొందరు. "నా ఒక్కదాని కోసమైతే అంత రాగి ఎందుకు పాడుచెయ్యడం?" అంది ఆమె. మంచివాళ్లని పొమ్మనకూడదు అని రాద్దామన్నారు ఇంకొందరు. "మంచివాళ్లో కాదో తేల్చేది ఎవరు, నువ్వా?" అన్నాడు గొర్రెల ముసలాయన. చివరికి ఒక వాక్యం కుదిరింది. ఈ నేల మీద బతుకుతున్న మనిషిని, ఎక్కడ పుట్టావని అడిగి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

ఒక చిక్కు వచ్చింది. అప్పటికే చెక్కించుకుని చెక్కించుకుని రేకు అంచులు పైకి లేచాయి. సుత్తి దెబ్బ పడగానే ఎగిరిపడుతోంది. చుట్టూ పట్టుకుంటేగానీ చెక్కలేనన్నాడు కంచరి. ఊరికొకరు చొప్పున వచ్చి అంచు పట్టుకున్నారు. పడవామె కూడా చెయ్యి వేయబోయింది.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు వర్తకుడు. "ఆ వాక్యం పడితేనే ఆమె ఇక్కడి మనిషి. ఇంకా పడలేదు కదా? పడనిదే ఆమె పట్టుకోకూడదు."

చేతులన్నీ ఆగిపోయాయి. మాట తప్పుపట్టడానికి లేదు.

గొర్రెల ముసలాయన తన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నా చేతులకి పట్టు చాలడం లేదమ్మాయ్. నా చోట నువ్వు పట్టుకో" అన్నాడు. తరవాత వర్తకుడి వైపు తిరిగాడు. "నా చోటు నాది. ఎవరికి ఇచ్చుకుంటానో నా ఇష్టం. దానికి కూడా రేకులో చూడాలా అయ్యా?"

పడవామె మోకాళ్ల మీద కూర్చుని ఆ చోట చేతులు ఆనించింది. కంచరి సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ ఆమె మోచేతుల దాకా పాకింది. ఆమె ఏడుస్తూనే గట్టిగా పట్టుకుంది. నేతగాడు కూడా ఏడ్చాడు, అతనికి ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉప్పు వర్తకుడు అంచు పట్టుకోలేదు. భుజం మీది కండువా దులుపుకుని, రేవు దారి పట్టాడు. సుత్తి చప్పుడు చాలా దూరం వరకు ఆయన వెనకాలే వచ్చింది.

పని పూర్తయ్యేసరికి రేకు చూడడానికి ఏమంత బాగాలేదు. వరసలు వంకర పోయాయి. ఒకచోట ఉలి జారి గీత పడింది. ఎండలో పెట్టి తిప్పితే కొండ దాకా మెరుపు పోలేదు. పోలేదని ఎవరూ బాధపడలేదు కూడా. పిల్లలు దాని చుట్టూ బోర్లా పడుకుని, అక్షరాల మీద వేళ్లు పెట్టి కూడబలుక్కుంటూ ఉన్నారు. వాళ్ల చేతుల్లో అప్పాలు ఉన్నాయి. రేకంతా నెయ్యి అంటుకుంది.

పొద్దు వాలుతుండగా పడవామె రేవులోకి వచ్చింది. అవతలి ఒడ్డువాళ్లని విడతలు విడతలుగా దాటించింది. అందరూ వెళ్లిపోయాక చూస్తే, రేవు చివర రాతి మీద ఉప్పు వర్తకుడు కూర్చుని ఉన్నాడు. ఎండకి మొహం వాడిపోయింది. వేరే పడవ లేదు.

"కూర్చున్నారేం బాబూ, ఎక్కండి" అంది.

"నన్ను కూడా ఎక్కించుకుంటావా?"

"మీ ఇల్లు అవతలే కదా? ఇక్కడ కూర్చుని ఏం చేస్తారు?"

ఆయన ఎక్కి, పడవ ముందు భాగంలో ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె తోసింది. ఏరు ఆ వేళ నెమ్మదిగా ఉంది.

"చివరికి ఆ వాక్యం సరిగ్గా ఎలా పడింది?" అని అడిగాడు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

ఆమె వాక్యం చెప్పింది. ఆయన దాన్ని లోపల్లోపల అనుకున్నాడు. ఒకచోట తడబడితే ఆమె అందించింది. ఆయన మళ్లీ మొదటి నుంచి అనుకున్నాడు.

ఏటి నడుమకి వచ్చాక ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు చాలా చిన్నదైంది. "అది ఇకమీదట వచ్చేవాళ్లకేనా? ఎప్పుడో వచ్చినవాళ్లకి కూడానా?"

"ఎవరికి బాబూ?"

ఆయన వంగి నీళ్లలో వేళ్లు ముంచాడు.

"మా అమ్మకి" అన్నాడు. "ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో కూడా పైకి అనదు. వరద మాట ఎత్తితే తలుపు వేసుకుంటుంది."

పడవామె తెడ్డు ఎత్తి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. పడవ దానంతటదే కొంచెం దూరం సాగింది. ఆ మనిషి మీద పొద్దుటి నుంచీ ఉన్న కోపాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

"ఇటు తిరగండి" అంది చివరికి. "ఇంకోసారి చెబుతాను, తప్పు లేకుండా నేర్చుకోండి. ఇంటికి వెళ్లి ఆవిడకి వినిపించాలి కదా."

ఆయన తిరిగి కూర్చున్నాడు. ఆమె తెడ్డు నీళ్లలో దించి, మొదటి మాట నుంచి మొదలుపెట్టింది.